ముత్యం ఎత్తుకున్న బంతి

గోదావరిఖనిలో ఆఫీసర్ల క్లబ్బు వెనక గోల్ఫ్ మైదానం ఒకటి ఉందని ఊళ్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా దాన్ని మైదానం అనేవారు కాదు, సార్ల బీడు అనేవారు. ఒకప్పుడు బొగ్గు తీసి, తిరిగి మట్టి నింపి, చదును చేసి వదిలేసిన నేల అది. సర్కారు తుమ్మ తప్ప మరేదీ మొలవని ఆ జాగాలో ఆఫీసర్లు తొమ్మిది గుంతలు తవ్వించి, ఒక్కో గుంతలో ఒక్కో జెండా పాతించుకున్నారు. పచ్చిక బతకదు కాబట్టి గుంతల చుట్టూ పాత ఇంజను నూనె కలిపిన ఇసుక పరిపించారు. ఆ ఇసుక మీద ప్రతి పొద్దున తడి గోనెపట్టా లాగి సాపు చేసేవాడు ముత్యం.

ముత్యం వాళ్లది గోదావరి అవతల జైపూర్ పక్కనున్న పల్లె. తండ్రికి కళ్లు కనిపించక నౌకరి దిగిపోతే అది కొడుక్కి వచ్చింది. బాయి, అంటే గని, దిగి తట్టలతో బొగ్గు నింపేవాడు. ఒకనాడు పైనుంచి బండ జారి తుంటి మీద పడింది. దవాఖానలో చాలాకాలం పడుకుని లేచేసరికి ఎడమకాలు కాస్త కురచైంది. బరువు పనులకు పనికిరాడని డాక్టర్లు తేల్చారు. అప్పుడు బొగ్గు కంపెనీ అతన్ని భూమి మీది తేలిక పనికి మార్చి క్లబ్బుకు పంపింది. అక్కడ సాయంత్రాలు ఆఫీసర్ల గోల్ఫ్ సంచీలు కూడా అతని చేతనే మోయించేవారు. బరువెత్తొద్దన్న మనిషి చేత సంచీ మోయించడం ఏమిటని సార్లకు తోచలేదు, ముత్యానికీ తోచలేదు. బాయిలో మోసినదానితో పోలిస్తే అదేం బరువు?

ఆ పని అతనికి నచ్చింది. గనిలో నెత్తి మీది దీపం ఎంత దూరం పడితే అంతే లోకం. ఇక్కడ తెల్లటి బంతి ఆకాశంలోకి లేచి, ఎక్కడో చిన్న చుక్కై దిగేది. సార్లు వెళ్లిపోయాక, ఎవరో పారేసిన వంకర కర్ర పట్టుకుని తానూ కాసేపు కొట్టేవాడు. అతని బంతి దూరం పోయేది కాదు, పక్కకూ పోయేది కాదు. ఎక్కడికి చూసి కొడితే అక్కడికి, ముసలి ఎద్దులా, నెమ్మదిగా చేరేది.

సంచీలు మోసేవాళ్లలో అతనికి దగ్గరివాడు మక్సూద్. ఇద్దరిదీ ఒకే వరుసలో ఇల్లు. మక్సూద్ కంపెనీ మనిషి కాడు. గెస్ట్‌హౌస్ నడిపే కాంట్రాక్టరు దగ్గర పళ్లాలు కడిగి, పక్కలు వేసి, సాయంత్రం సంచీ మోసేవాడు. ముత్యాన్ని అన్న అని పిలిచేవాడు. అతని భార్య సర్వరీ బేగం, ముత్యం భార్య పూలమ్మ ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకునేవారు. రంజాన్ పండుగకు సర్వరీ ఇంటి షీర్‌ఖుర్మా పాయసం పూలమ్మ ఇంటికి వచ్చేది. బతుకమ్మనాటి సత్తుపిండి అటు పోయేది.

తెలంగాణ కోసం గనులన్నీ నిలిపేసిన పెద్ద సమ్మె ముగిసిన మరుసటి ఏడు, బొగ్గు కోసే కొత్త యంత్రం బిగించడానికి యూరప్ నుంచి కొందరు ఇంజనీర్లు వచ్చి గెస్ట్‌హౌస్‌లో దిగారు. జర్మనీ వాళ్లు, ఇంగ్లండు వాళ్లు, పోలండు వాళ్లు. పగలంతా బాయిలో, సాయంత్రం సార్ల బీడులో ఉండేవారు. గోల్ఫ్‌లో యూరప్‌కూ అమెరికాకూ రెండేళ్లకోసారి పెద్ద పోటీ జరుగుతుంది. మామూలుగా ఎవడి ఆట వాడు ఆడుకునే మనుషులు ఆ మూడు రోజులూ ఖండం పేరు మీద జట్టు కట్టి ఆడతారు. ఆ ఏడు అమెరికా గడ్డ మీదనే, చివరి రోజు దాకా వెనకబడి ఉండి కూడా యూరప్ గెలిచింది. గెస్ట్‌హౌస్‌లో తెల్లవాళ్లు టీవీ ముందు బల్లలెక్కి పాడారు.

క్లబ్బులో ఆ మాట చాలా రోజులు నడిచింది. ఆఫీసర్లలో వర్ధన్ సారు పెద్ద ఆటగాడు. ఓడిపోవడమంటే అతనికి గిట్టదు. "మీకు అమెరికా అయితే సరిపోతుందా? ఆసియాతో ఆడండి" అన్నాడట. తెల్లవాళ్లు నవ్వి సరే అన్నారు. అట్లా గోదావరిఖనిలో యూరప్–ఆసియా కప్పు పుట్టింది. వర్క్‌షాపులో పాత పంపు ఇత్తడి కరిగించి, లేతు మీద తిప్పి, రెండు చెవుల కప్పు చేశారు. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. ఒక్కొక్కరు ఒక్కొక్కరితో ఆడాలి. తక్కువ దెబ్బల్లో బంతి వేసినవాడిది ఆ గుంత, ఎక్కువ గుంతలు గెలిచినవాడిది ఆట. ఎవరి జట్టులో ఎక్కువమంది గెలిస్తే వాళ్లది కప్పు. యూరప్ జట్టుకు నీలం టోపీలు, ఆసియా జట్టుకు పసుపు టోపీలు కుట్టించారు.

పోటీ నాడు పొద్దున్నే ఒక బాయిలో బొగ్గు మోసే బెల్టు తెగింది. ఆసియా జట్టులో ఆరో మనిషి ఆ బాయి ఇంజనీరే. ఫోను రాగానే టోపీ, బూట్లు తీసి క్లబ్బులో పెట్టి జీపెక్కాడు. వర్ధన్ సారు చుట్టూ చూశాడు. ఆడగలిగిన ఆఫీసరు ఇంకొకరు లేరు. తన సంచీ పట్టుకుని నిలబడ్డ ముత్యం మీద అతని చూపు ఆగింది.

"నువ్వు సాయంత్రాలు కొడుతుంటావట కదా?"

దొరికిపోయాననుకున్నాడు ముత్యం. "ఎప్పుడన్న ఓసారి సార్. పాత బంతులే సార్."

"ఆ టోపీ పెట్టుకో. ఆ బూట్లు తొడుక్కో. వాళ్లలో వెర్నర్ అనేవాడితో నువ్వు ఆడాలి."

"సార్, నేనా?"

"ఐదుగురితో ఆడితే ఒక ఆట ముందే పోయినట్టు. ఓడిపోయినా పరవాలేదు, నిలబడు చాలు." తరవాత ఒక్కటే నేర్పాడు. "బంతి గుంతకు బాగా దగ్గర పడితే, ఇక కొట్టనక్కరలేదని ఎదుటివాడు వదిలేస్తాడు. గుడ్ అంటాడు. గుడ్ అంటే పడ్డట్టే లెక్క, ఎత్తుకో. అనకపోతే కొట్టు. అనకుండా ఎత్తుకుంటే ఆ గుంత పోయినట్టే. అర్థమైందా?"

"అయింది సార్."

వెర్నర్ జర్మనీ మనిషి. పొడుగ్గా, ఎర్రగా ఉండేవాడు. అతని సంచీ మక్సూద్ మోస్తున్నాడు. బూట్లు బిగుతుగా ఉండి ముత్యం ఇంకాస్త కుంటుతుంటే మక్సూద్ పక్కకొచ్చి, "అన్న, టోపీల పెండ్లి దుల్హా లెక్కనే ఉన్నవ్" అన్నాడు. ముత్యం నవ్వు ఆపుకున్నాడు.

ఆట మొదలైంది. వెర్నర్ కొడితే బంతి తుమ్మలు దాటి పోయేది, ఒక్కోసారి తుమ్మల్లోకే పోయేది. ముత్యం బంతి తన దారిన తాను నడిచేది. వెర్నర్ మొదట్లో నవ్వాడు, తరవాత మానేశాడు. ఒక గుంత అతను గెలిస్తే ఇంకో గుంత ముత్యం గెలిచాడు. దగ్గర పడ్డ బంతిని వెర్నర్ "గుడ్" అని వదిలేసేవాడు. ముత్యం ఎత్తుకునేవాడు. ముత్యం కూడా అదే మాట నేర్చుకుని వెర్నర్ బంతికి "గుడ్ సార్" అన్నాడు.

చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి మిగతా ఆటలన్నీ అయిపోయాయి. చెరి రెండు గెలిచి, ఒకటి తేలకపోవడంతో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. వీళ్లిద్దరూ సమానంగానే ఉన్నారు. కప్పు ఎవరిదో ఈ గుంతే చెప్పాలి. ఆఫీసర్లు, వాళ్ల భార్యలు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. మొదటి షిఫ్టు దిగి ఇళ్లకు పోతున్న బాయి మనుషులు, మొహాల మీద బొగ్గుతోనే, కంచె అవతల సైకిళ్లు ఆపుకుని నిలబడ్డారు. టోపీ పెట్టుకున్నది తమ ముత్యమేనని తెలిసి ఒకరినొకరు పిలుచుకున్నారు. సార్ల ఆటకు ఆ కంచె అవతలి నుంచి చప్పట్లు రావడం అదే మొదటిసారి.

వెర్నర్ తుమ్మల్లో పడి లేచి, ఎట్లాగో బంతిని గుంతలో వేశాడు. ముత్యం అప్పటికి అతని కన్నా మూడు దెబ్బలు తక్కువలో ఉన్నాడు. నూనె ఇసుక మీద అతని బంతి దొర్లుకుంటూ పోయి గుంతకు జానెడు దూరంలో ఆగింది. అది పడితే ఆట ముత్యానిది, కప్పు ఆసియాది. కళ్లు మూసుకుని కొట్టినా పడేంత దూరమే. వెర్నర్ ఆ బంతిని చూశాడు. మొహం తిప్పుకుని, మక్సూద్ చేతికి కర్ర ఇస్తూ గొంతులో "గుడ్" అన్నాడు.

ముత్యం వంగి బంతి ఎత్తుకున్నాడు.

కంచె అవతల కేకలు లేచాయి. ముత్యం బంతిని గుప్పిట్లో పట్టుకుని వర్ధన్ సారు వైపు చూసి నవ్వాడు. అంతలో యూరప్ జట్టులో ఎవరో ఏదో అరిచారు. వెర్నర్ తమవాళ్ల మొహాలు చూశాడు, బల్ల మీది కప్పును చూశాడు. వెనక్కి తిరిగి వచ్చి, నేనేమీ అనలేదే, ఇతను బంతి ఎందుకు ఎత్తాడు అని ఇంగ్లీషులో అడిగాడు.

వర్ధన్ సారు లేచి వచ్చాడు. "ముత్యం, ఆయన గుడ్ అన్నాడా?"

"అన్నడు సార్. నేను విన్న."

"ఆయన అనలేదంటున్నాడు. ఇంకెవరు విన్నారు?"

పక్కనున్నది మక్సూద్ ఒక్కడే. అందరూ అతని వైపు చూశారు. కొత్త యంత్రం దగ్గర సహాయకుడిగా పెట్టిస్తానని వెర్నర్ అతనికి మాటిచ్చి ఉన్నాడు. పళ్లాలు కడిగే మనిషికి అది రోజూ తలచుకునే మాట. మక్సూద్ సంచీ పట్టీ సర్దుకున్నాడు.

"నాకు ఇనవడలే సార్" అన్నాడు.

"సరిగ్గా చెప్పు."

"ఏం ఇనవడలే సార్. నేను కర్ర తుడుస్తున్న."

ముత్యం అతన్నే చూస్తున్నాడు. మక్సూద్ ఇటు చూడలేదు. రూలు రూలే అన్నారు. ఆ గుంత వెర్నర్‌కు పోయింది, ఆటా పోయింది, కప్పు యూరప్‌కు పోయింది. కంచె అవతల కాసేపు ఏమైందో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకడు నవ్వాడు, ఇంకొకడు సైకిలెక్కాడు.

బెల్టు బాగుచేయించి వచ్చిన ఇంజనీరు అప్పుడే జీపు దిగాడు. జట్టు ఫొటో తీసే వేళైంది. వర్ధన్ సారు ముత్యం తల మీది టోపీ తీసి ఇంజనీరు తల మీద పెట్టాడు. "బూట్లు కూడా ఇచ్చెయ్" అన్నాడు. ముత్యం అక్కడే ఇసుకలో కూర్చుని బూట్లు విప్పి ఇచ్చాడు. చెప్పులు క్లబ్బులో ఉండిపోయాయి. వట్టి కాళ్లతో పక్కన నిలబడ్డాడు. ఆరుగురూ నవ్వుతూ ఫొటో దిగారు.

అంతటితో వదిలినా బాగుండేది. విందు దగ్గర వర్ధన్ సారు ముత్యాన్ని పిలిపించి కప్పు చేతిలో పెట్టాడు. "పోగొట్టింది నువ్వు. నువ్వే ఇచ్చి రా" అన్నాడు. ముత్యం ఆ కప్పు మోసుకెళ్లి వెర్నర్‌కు ఇచ్చాడు. వెర్నర్ తీసుకుని, అతని భుజం తట్టి, "గుడ్" అన్నాడు. పందిట్లో అందరూ విరగబడి నవ్వారు. వడ్డన పళ్లెం పట్టుకుని మూలన ఉన్న మక్సూద్ లోపలికి వెళ్లిపోయాడు.

మరునాడు వర్ధన్ సారు క్లబ్బు వరండాలో పేపరు చదువుతూ ఒక మాటన్నాడు. "తొమ్మిది గుంతలూ కర్ర తిప్పుతూ ఆడినవాడికి తుంటి నొప్పి ఏమిటయ్యా? వీడికి తేలిక పని ఎవరిచ్చారు?" కోపంతో అన్నాడో, వేళాకోళానికి అన్నాడో, మాట మాత్రం పైకి పోయింది. డాక్టర్లు మళ్లీ పరీక్షకు పిలిచారు. ముత్యం కాలు ఎంత కురచో చూపించుకోబోతే, గోల్ఫ్ ఆడతావట కదా అని అడిగారు. ఆడిన మాట నిజమేనన్నాడు. బాయి పనికి సరిపోతాడని తేల్చారు. ఎండలు ముదిరేలోపు ముత్యం మళ్లీ నెత్తికి దీపం కట్టుకుని బాయి దిగాడు.

బెల్టు పొడవునా రాలిన బొగ్గును పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద పోయడం అతని పని. షిఫ్టు ముగిసేసరికి తుంటిలో నిప్పు రాజుకునేది. ఇంటికొచ్చి బోర్లా పడుకుంటే పూలమ్మ వేడినీళ్ల గుడ్డ అద్దేది. నొప్పి కన్నా మనుషుల నోళ్లు ఎక్కువ బాధపెట్టేవి. చౌరస్తాలో ఉడకబెట్టిన గుడ్లమ్మేవాడు అతను కనిపిస్తే ఒక గుడ్డు బల్ల మీద దొర్లించి, "గుడ్డే అన్న, ఎత్తుకో" అనేవాడు. షిఫ్టు కోసం వరుసలో నిలబడితే వెనకనుంచి ఎవడో గొంతు మార్చి "గుడ్" అనేవాడు. ఆనాడు కంచె దగ్గర చప్పట్లు కొట్టినవాళ్లే వీళ్లు. తమ మనిషి గెలుస్తాడని కాసేపు నమ్మినందుకు వాళ్లు అతన్ని క్షమించలేదు.

మక్సూద్‌కు పని దొరికింది. వెర్నర్ మాట తప్పలేదు. కొత్త యంత్రం కాంట్రాక్టరు దగ్గర పెట్టించి, ఎండాకాలంలో తన దేశం వెళ్లిపోయాడు. మక్సూద్ కూడా అదే బాయి దిగేవాడు. బెల్టు దారిలో ఎదురైతే, "అన్న, మంచిగున్నవా" అని ఆగేవాడు. ముత్యం పార దించకుండా బొగ్గు పోస్తూనే ఉండేవాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు మాత్రం ఎప్పటిలాగే మాట్లాడుకునేవారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం షిఫ్టున బెల్టు కింది రోలరులో రాయి ఇరుక్కుంది. బెల్టు పక్కకు జరిగి బొగ్గు రాలుతోంది. అక్కడికి నాలుగు బారల దూరంలో ముత్యం ఉన్నాడు. కాంట్రాక్టరు సూపర్‌వైజర్ బుచ్చన్న మక్సూద్‌ను పిలిచి రాయి తీయమన్నాడు.

"బెల్టు ఆపు అన్న, తీస్త" అన్నాడు మక్సూద్.

"పొద్దటి సంది ఎన్నిసార్లు ఆపుడు? పైనుంచి నన్ను తిడుతున్నరు. నడుస్తుండంగనే తీసెయ్. గంత రాయికే భయమైతే గెస్ట్‌హౌస్‌ల పళ్లాలు కడుక్కోపో."

ముత్యం ప్రతి అక్షరం విన్నాడు. మక్సూద్ వంగి చెయ్యి పెట్టాడు. రోలరు ఆ చేతిని అందుకుంది. అరుపు విని ముత్యం పార పడేసి కుంటుకుంటూ ఉరికాడు, బెల్టు ఆపే తీగ లాగాడు. తన నెత్తి తువ్వాల విప్పి మోచేతి పైన బిగించి కట్టాడు. స్ట్రెచర్ వచ్చేదాకా మక్సూద్ తల తన ఒళ్లో పెట్టుకున్నాడు. "అన్న, నా చెయ్యి ఏది" అని మక్సూద్ అడుగుతుంటే, "ఉంది తమ్మి, ఉంది" అన్నాడు. ఆ వేళ అతని మనసులో బంతీ లేదు, కప్పూ లేదు. ఇది నిజం.

కరీంనగర్ దవాఖానలో ఆ చేతిని మోచేతి కింద తీసేశారు.

వారం తిరగకుండా విచారణ పెట్టారు. బుచ్చన్న ముందే చెప్పుకున్నాడు: బెల్టు ఆపి తీయమన్నాను, అతనే తొందరపడి చెయ్యి పెట్టాడు అని. ముత్యాన్ని పిలిచారు. అతనిది పక్కా నౌకరి. కాంట్రాక్టరు అతన్ని ఏమీ చేయలేడు. భయపెట్టినవాళ్లు లేరు, ఆశపెట్టినవాళ్లు లేరు.

"దగ్గర ఉన్నది నువ్వే. నడుస్తుండగా తీయమని సూపర్‌వైజర్ చెప్పాడా?" అని అడిగాడు విచారణ ఆఫీసరు.

జవాబు ముందే నాలుక మీద ఉన్నట్టు వచ్చింది.

"నాకు ఇనవడలే సార్."

"ఏమీ వినపడలేదా?"

"బొగ్గు ఎత్తుతున్న సార్. ఏం ఇనవడలే."

తప్పు మక్సూద్‌దేనని తేలింది. పరిహారం ఇవ్వకుండా చేతులు కడుక్కోవడానికి కాంట్రాక్టరుకు అంతే కావాలి. ఆ పూట ముత్యం ఇంటికొచ్చి అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాడు. చాలా నెలల తరవాత కడుపునిండా తిన్నాడు. పూలమ్మ ఎదురుగా కూర్చుంది. ఆమె ఆ పొద్దునే దవాఖానకు పోయి వచ్చింది.

"సర్వరీ ఏమన్నదో తెలుసా? అన్న అక్కడనే ఉన్నడట గదా అక్క, అన్న చెప్తడు, మాకు ఫికర్ లేదు అన్నది" అంది.

ముత్యం చారు పోసుకున్నాడు.

"ఏం చెప్పినవు?"

"ఇనవడలేదని చెప్పిన."

"ఇనవడలేదా?"

"వానికి ఇనవడ్డదా ఆనాడు?"

 పూలమ్మ అతని ముందునుంచి చారు గిన్నె తీసుకుని లేచింది. "ఈ ముచ్చట నేను ఆమెకు చెప్త. దాచుకొని నీళ్లకాడ ఆమె మొఖం చూసుడు నాతోని గాదు" అంది. అన్నట్టే చెప్పింది. సర్వరీ విని, బిందె నిండేదాకా నిలబడి, బిందె ఎత్తుకుని వెళ్లిపోయిందట. ఆ తరవాత వేరే వేళకు నీళ్లకు వచ్చేది.

తిన్న అన్నం ఎన్నాళ్లో నిలవలేదు. మక్సూద్ ఇంటికి వచ్చాడని తెలిసిన నాటినుంచి ముత్యం దారి మార్చుకున్నాడు. వరుస చివరి నుంచి చుట్టూ తిరిగి డ్యూటీకి పోయేవాడు. దసరా వెళ్లాక ఒకనాడు చుట్టూ తిరిగే ఓపిక లేక నేరుగా నడిచాడు. మక్సూద్ గడప ముందు మంచమ్మీద కూర్చుని, ఎడమచేత్తో అంగీ గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ముత్యం ఆగాడు. సాయం చేద్దామని చెయ్యి చాపి మళ్లీ దించుకున్నాడు.

"కూసో అన్న" అన్నాడు మక్సూద్.

ముత్యం కూర్చోలేదు.

"ఆనాడు నేను విన్న. వాడు గుడ్ అన్నడు. సాఫ్‌గ విన్న" అన్నాడు మక్సూద్.

"నాకెరుకే."

"పని కోసం అబద్ధం చెప్పిన. నీకు బంతి పోయింది."

"బంతి గాదు. మల్ల బాయిల పడ్డ. నడుము పోయింది నాది."

"గట్ల పంపుతరని నాకు తెల్వదు అన్న. అల్లా మీద ఒట్టు. తెలిస్తే చెప్పకపోదునేమో, చెప్తునేమో, అదీ తెల్వదు." గుండీ వదిలేశాడు. "నా చెయ్యి పోయినంక నువ్వు ఇనవడలేదని చెప్పినవు. పోయిందని తెలిసే చెప్పినవు. నీ నడుము నొస్తదంటే ఇంకా ఉన్నట్టే గదా. నాకు లేని వేళ్లు నొస్తున్నయ్."

లోపలినుంచి సర్వరీ గొంతు వినిపించింది. "ఎవరితోని మాట్లాడుతున్నరు?"

"ఎవ్వరూ లేరు" అన్నాడు మక్సూద్.

మరునాడు ముత్యం షిఫ్టు మానుకుని విచారణ ఆఫీసరు దగ్గరికి పోయాడు. తాను విన్నానని, బుచ్చన్న ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా చెప్తానని అన్నాడు. ఆఫీసరు మంచివాడే. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"అంటే అప్పుడు అబద్ధం చెప్పావా?"

"చెప్పిన సార్."

"సరే. నీ మాట తీసుకుంటాను. కాని విచారణలో అబద్ధం చెప్పినందుకు ముందు నీ మీద చర్య తీసుకోవాలి. నౌకరి పోవచ్చు. ఇంతా చేసి, ఒకసారి అబద్ధమాడినవాడి మాట ఎవరు నమ్ముతారని కాంట్రాక్టరు అడగక మానడు. ఆలోచించుకుని చెప్పు, రాసుకుంటాను."

ఆఫీసరు కలం మూత తీసి పట్టుకున్నాడు. ముత్యం ఆ కలాన్ని చూశాడు. తన ఇల్లు కంపెనీది, ఇంట్లో వెలిగే కరెంటు కంపెనీది, తుంటికి వేసుకునే మందులు కంపెనీవి. ఫ్యాను తిరుగుతోంది. అతను లేచి, "మల్ల వస్త సార్" అన్నాడు. ఆఫీసరు మూత పెట్టేశాడు. ముత్యం మళ్లీ పోలేదు.

ఆ చలికాలం రెండో కప్పు జరిగింది. కొత్తగా వచ్చిన తెల్లవాళ్లకు ఆట అంతంతమాత్రమే. ఆసియా అవలీలగా గెలిచింది. క్లబ్బులో డప్పులు మోగాయి. ఆ చప్పుడు విన్నప్పుడు ముత్యం రెండో షిఫ్టుకు పోతూ కంచె పక్కనే నడుస్తున్నాడు. లోపల ఎవరో కొత్త మనిషి గోనెపట్టా లాగి ఇసుక సాపు చేస్తున్నాడు. సరిగ్గా లాగడం లేదు, చాళ్లు పడుతున్నాయి. ముత్యం కాసేపు చూసి నడిచాడు. ఊళ్లో గుడ్డు వేళాకోళం కూడా అప్పటికే పాతబడింది. ఎవరూ అనడం లేదు.

తెలంగాణ వచ్చిన నెలలో చౌరస్తా అంతా గులాల్‌తో ఎర్రబడింది. బాయి మనుషులు ఒకరినొకరు ఎత్తుకుని తిప్పారు, ఆఫీసుల మీద కొత్త బోర్డులు పెట్టారు. కాంట్రాక్టు వాళ్లందరినీ పక్కా చేస్తారని కూడా అనుకున్నారు. మక్సూద్ ఇల్లు ఖాళీ చేశాడు. మంచిర్యాలలో సర్వరీ తమ్ముడికి మోటారు రిపేరు షెడ్డు ఉంది. అక్కడ గల్లా దగ్గర కూర్చోవచ్చని వాళ్లు పిలిచారు. సామాను ఒక ట్రాలీ ఆటోకు సరిపోయింది. పూలమ్మ పొద్దున్నే పోయి గిన్నెలు సర్ది, మూటలు కట్టింది. ఆటో కదిలేదాకా ఉంది.

ముత్యం మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. తన ఇంటి ముందు పూలమ్మ బియ్యం చెరుగుతోంది. అతను స్నానానికి పోకుండా, బొగ్గు బట్టలతోనే గోడకానుకుని కూర్చున్నాడు.

"పోయిండ్రా?" అని అడిగాడు.

"పోయిండ్రు."

"చెయ్యి ఎట్లుంది?"

"మానింది."

ఆమె రాళ్లు ఏరి అవతల పారేసింది. 

"నన్నేమన్న అన్నరా?"

"లేదు. నీ ముచ్చటే రాలే" అని పూలమ్మ చాట తీసుకుని లోపలికి వెళ్లింది. బకెట్‌లో నీళ్లు పోసిన చప్పుడు వినిపించింది. ముత్యం గోడ పట్టుకుని లేచి, స్నానానికి పోయాడు.